పేగు బ్యాక్టీరియా వైవిధ్యం: కొలిచే తీరు, ఆరోగ్యంతో ముడి

మనిషి జీర్ణనాళంలో, ముఖ్యంగా పెద్దపేగులో, కాపురముండే బ్యాక్టీరియా ఎన్ని రకాలు, అందులో ఏ రకం వాటా ఎంత అన్నదే పేగు బ్యాక్టీరియా వైవిధ్యం. ఆర్కియా, శిలీంధ్రాలు, వైరస్‌లు కూడా అక్కడే ఉంటాయి గానీ ఈ వ్యాసం బ్యాక్టీరియా వరకే. గత ఇరవై ఏళ్లలో ఈ వైవిధ్యం ఆరోగ్యానికి కొలమానమన్న మాట పరిశోధన పత్రాల నుంచి పత్రికల ఆరోగ్య పేజీలకూ, అక్కడి నుంచి పరీక్షలు అమ్మే కంపెనీల ప్రకటనలకూ పాకింది. రకాలు ఎక్కువైతే ఆరోగ్యం, తక్కువైతే జబ్బు అన్న సూత్రం వినడానికి తేలిగ్గా ఉంటుంది. కొన్ని జబ్బుల్లో అది నిజమే. చాలా జబ్బుల్లో నిలబడలేదు. ఒకటి రెండు చోట్ల పూర్తిగా తలకిందులైంది. ఎక్కడ ఏది నిజమో తేల్చుకోవాలంటే ఆ వైవిధ్యపు అంకె ఎలా పుడుతుందో ముందు చూడాలి.

జనాభా

జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తట్టుకొని బతికేవి కొద్ది. చిన్నపేగులో ఆహారం త్వరత్వరగా కదిలిపోతుంది, పైత్యరసం కూడా బ్యాక్టీరియాకు గిట్టదు. పెద్దపేగులో కదలిక నెమ్మది, ప్రాణవాయువు దాదాపు శూన్యం, మనకు అరగని పీచు పుష్కలం. అందుకే అక్కడ ఒక్క గ్రాము పదార్థంలో 10,000 కోట్ల బ్యాక్టీరియా దాకా ఉంటాయి. శరీర కణాల కంటే బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువన్న మాట దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో తిరిగింది. దాని మూలం వెతికితే 1972 నాటి ఒక ఉజ్జాయింపు లెక్క దొరికింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన రాన్ మిలో బృందం 2016లో దాన్ని సరిచేసింది. 70 కిలోల మగమనిషిలో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. అన్ని బ్యాక్టీరియా కలిపినా బరువు 200 గ్రాములే.

కంటికి కనబడిన నాటి నుంచి

డచ్చి బట్టల వ్యాపారి ఆంటొనీ వాన్ లేవెన్‌హుక్ 1681లో తనకు విరేచనాలు పట్టుకున్నప్పుడు తన మలాన్నే తాను చేసిన సూక్ష్మదర్శిని కింద పెట్టి, కదులుతున్న జీవుల్ని చూశాడు. రెండు శతాబ్దాల తర్వాత, 1885లో, జర్మన్ పిల్లల వైద్యుడు థియోడార్ ఎషెరిష్ పసివాళ్ల మలంలోంచి ఒక బ్యాక్టీరియాను వేరు చేశాడు. ఈ-కోలి పేరులో ఉన్నది ఆయనే. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన ఇల్యా మెచ్నికోవ్‌కు మాత్రం పెద్దపేగు మీద సదభిప్రాయం లేదు. అక్కడి కుళ్లే ముసలితనానికి కారణమనీ, పులిసిన పాలలోని లాక్టిక్ బ్యాక్టీరియాతో దాన్ని అదుపు చేయవచ్చనీ వాదించాడు. రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి 1908లో నోబెల్ అందుకున్నవాడు కాబట్టి ఆ మాటకు పలుకుబడి వచ్చింది. ఐరోపాలో పెరుగు అమ్మకాలు పెరిగాయి.

ఈ-కోలికి ఇంత పేరు రావడానికి కారణం అది ప్రయోగశాలలో సులభంగా పెరగడం. ఆరోగ్యవంతుల పెద్దపేగు జనాభాలో దాని వాటా నిజానికి చాలా తక్కువ. అక్కడి అసలు జనాభాలో అత్యధికం ప్రాణవాయువు తగిలితే చచ్చిపోయే రకాలు. అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హంగేట్ పశువుల పొట్టలోని బ్యాక్టీరియా కోసం 1950 ప్రాంతాల్లో గాలి సోకకుండా గాజు నాళికల్లో పెంచే పద్ధతిని రూపొందించాక గానీ వాటిని పట్టుకోవడం కుదరలేదు. అప్పటికీ పెరిగినవే లెక్కలోకి వచ్చేవి.

అసలు మలుపు కార్ల్ వోస్ తిప్పాడు. ప్రతి జీవికణంలోనూ ఉండే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలోని అక్షర క్రమాన్ని పోల్చి జీవుల వంశవృక్షం గీయవచ్చని 1977లో జార్జ్ ఫాక్స్‌తో కలిసి చూపించాడు. ఆ తర్వాత బ్యాక్టీరియాను పెంచకుండానే, నీళ్లలోంచో మట్టిలోంచో నేరుగా డీఎన్‌ఏ తీసి ఆ ఆర్‌ఎన్‌ఏకు చెందిన ఒక్క జన్యువును చదివే పద్ధతి వచ్చింది. 2005లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డేవిడ్ రెల్‌మన్ బృందం ముగ్గురు ఆరోగ్యవంతుల పేగుల్లోంచి ఇలా 13,000కు పైగా క్రమాలను చదివింది. 395 రకాల బ్యాక్టీరియా తేలాయి. వాటిలో 80 శాతం ఏ ప్రయోగశాలలోనూ అంతకుముందు పెరగనివి. తర్వాత 2010లో యూరప్ శాస్త్రజ్ఞుల మెటాహిట్ ప్రాజెక్టు 124 మంది నుంచి 33 లక్షల బ్యాక్టీరియా జన్యువుల పట్టిక ఇచ్చింది. 2012లో అమెరికా హ్యూమన్ మైక్రోబయోమ్ ప్రాజెక్టు 242 మంది ఆరోగ్యవంతుల వివరాలు ప్రకటించింది. ప్రపంచమంతటా పోగైన జన్యుపటాలను ఒకచోట చేర్చిన 2020 నాటి సంకలనంలో మనిషి పేగు సూక్ష్మజీవుల జాతులు 4,644. వాటిలో 70 శాతానికి పైగా అప్పటికి ఎవరూ పెంచనివే.

మలం నుంచి అంకె దాకా

పరీక్షకు వాడేది దాదాపు ఎప్పుడూ మలమే. సేకరించడం సులభం, నొప్పి ఉండదు. పేగు గోడ జిగురును అంటిపెట్టుకున్న బ్యాక్టీరియా చిట్టా, మలంలో బయటికి వచ్చేవాటి చిట్టా ఒకటి కావు. ఈ పరిమితి తెలిసే అందరూ మలం దగ్గర సర్దుకుపోతున్నారు.

మొదటి చిక్కు డీఎన్‌ఏ తీయడంలో ఉంది. కొన్ని బ్యాక్టీరియా గోడ పల్చన, కొన్నిటిది మందం. సన్నని గాజుపూసలతో గట్టిగా కుదిపి పగలగొట్టకపోతే మందపు గోడలవి లెక్కకు రాకుండా పోతాయి. 2017లో ఒక అంతర్జాతీయ బృందం ఒకే మలం నమూనాలను 21 రకాల డీఎన్‌ఏ పద్ధతులతో పరీక్షించింది. నమూనా దాచిన తీరు కంటే, డీఎన్‌ఏ చదివే యంత్రం కంటే, డీఎన్‌ఏ తీసిన పద్ధతే ఫలితాన్ని ఎక్కువగా మార్చిందని తేలింది. వేర్వేరు ప్రయోగశాలల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చే పత్రికా కథనాలు ఈ ఒక్క సంగతితోనే బోర్లాపడతాయి.

తీసిన డీఎన్‌ఏను చదవడానికి రెండు దారులున్నాయి. చౌక దారిలో 16ఎస్ అనే ఒకే ఒక జన్యువును చదువుతారు. దాని పొడవు సుమారు 1,500 అక్షరాలు. అన్ని బ్యాక్టీరియాలోనూ మారని భాగాల మధ్య మధ్య, రకాన్ని బట్టి మారే తొమ్మిది ముక్కలుంటాయి. సాధారణంగా ఒకటి రెండు ముక్కల్ని మాత్రమే చదివి ప్రజాతిని గుర్తిస్తారు. జాతి స్థాయికి చాలాసార్లు అది చాలదు. పైగా ఒక బ్యాక్టీరియాలో ఈ జన్యువు ఒక్క ప్రతి ఉంటే ఇంకోదానిలో పదిహేను ప్రతుల దాకా ఉంటాయి. ఒకటి పదిహేనుగా లెక్కకెక్కే అవకాశం పద్ధతిలోనే దాగి ఉందన్నమాట. రెండోదైన షాట్‌గన్ పద్ధతిలో నమూనాలోని డీఎన్‌ఏ మొత్తాన్నీ ముక్కలు చేసి చదువుతారు. ఖర్చు ఎక్కువ. జాతులే కాక, అవి ఏ పనులు చేయగల జన్యువులు మోస్తున్నాయో కూడా అందులో తెలుస్తుంది.

ఏది ఒక రకం అన్నది కూడా ఒప్పందమే. చాలాకాలం 97 శాతం కలిసిన క్రమాలన్నిటినీ ఒకే గుంపుగా కట్టేవారు. 2016 తర్వాత, యంత్రం చేసే పొరపాట్లను గణితంతో ఏరేసి, ఒక్క అక్షరం తేడా ఉన్నా వేరే రకంగా లెక్కించే పద్ధతులు వ్యాపించాయి. నమూనా అదే, లెక్క మారింది కాబట్టి రకాల సంఖ్యా మారింది. ప్రయోగశాల రసాయనాల్లోనే కాస్త బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉంటుందని 2014లో సుసన్నా సాల్టర్ బృందం చూపించింది. మలం లాంటి దట్టమైన నమూనాలో ఆ కల్తీ పట్టించుకోనక్కర్లేనంత. రక్తం, ఊపిరితిత్తుల వంటి పల్చని నమూనాల్లో మాత్రం చూసిందంతా అదే అయ్యే ప్రమాదముంది.

సూచికలు: సీతాకోకచిలుకలు, టెలిఫోన్లు, అడవులు

పేగు వైవిధ్యానికి వాడే కొలతల్లో ముఖ్యమైనవి వేరే పనుల కోసం పుట్టినవి. 1943లో గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్, వేరొకరు మలయాలో సేకరించిన సీతాకోకచిలుకల లెక్కలు ముందేసుకుని, చూడని జాతులు ఎన్ని మిగిలాయో అంచనా వేశాడు. 1948లో క్లాడ్ షానన్ టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో సందేశాల ప్రసారాన్ని అర్థం చేసుకోవడానికి ఒక సూత్రం రాశాడు. మరుసటి ఏడు ఎడ్వర్డ్ సింప్సన్ ఇంకో సూచిక ఇచ్చాడు. యుద్ధకాలంలో ఆయన బ్లెచ్లీ పార్క్‌లో శత్రువుల సంకేత లిపి ఛేదించే పనిలో ఉండేవాడు. రాబర్ట్ విటేకర్ 1960లో అమెరికా పడమటి కొండల మొక్కల్ని పరిశీలిస్తూ, ఒక చోటిలోని వైవిధ్యానికి ఆల్ఫా అనీ, రెండు చోట్ల మధ్య తేడాకు బీటా అనీ, ప్రాంతమంతటి వైవిధ్యానికి గామా అనీ పేర్లు పెట్టాడు. పేగు పరిశోధనలో ఒక మనిషిలోని వైవిధ్యం ఆల్ఫా, ఇద్దరు మనుషుల మధ్య తేడా బీటా.

ఆల్ఫాలో అన్నిటికన్నా సాదా కొలత రకాల సంఖ్య. ఒకే ఒక్కసారి కనబడ్డ రకానికీ, జనాభాలో సగం ఆక్రమించిన రకానికీ అందులో సమాన విలువ. షానన్, సింప్సన్ సూచికలు వాటాలను కూడా లెక్కలోకి తీసుకుంటాయి. నాలుగు రకాలు తలా 25 శాతం ఉన్న పేగులో షానన్ విలువ 1.39, సింప్సన్ 0.75. అదే నాలుగు రకాల్లో ఒకటి 97 శాతం ఆక్రమించి మిగతా మూడూ ఒక్కో శాతంతో సరిపెట్టుకుంటే షానన్ 0.17కు, సింప్సన్ 0.06కు పడిపోతాయి. రకాల సంఖ్య మాత్రం రెండు చోట్లా నాలుగే. 1.39 అన్న అంకె సామాన్యుడికేమిటి, చాలామంది వైద్యులకు కూడా ఏమీ చెప్పదు. దాన్ని సమాన వాటాలున్న ఎన్ని రకాలతో తూగుతుందో ఆ సంఖ్యగా మార్చే పద్ధతిని మార్క్ హిల్ 1973లో ఇచ్చాడు. ఆ లెక్కలో మొదటి పేగుది 4, రెండోది సుమారు 1.2. ఇంత తేటగా చెప్పే కొలత ఉండగా పత్రాలు ఇప్పటికీ ముడి షానన్ విలువలనే ప్రచురిస్తుండటం అలవాటు మహిమ.

తైవాన్ గణాంకవేత్త ఆన్ చావో 1984లో ప్రతిపాదించిన సూచిక కనబడని రకాలను అంచనా వేస్తుంది. ఒక నమూనాలో 100 రకాలు కనబడి, వాటిలో ఒక్కసారే కనబడ్డవి 20, రెండుసార్లు కనబడ్డవి 10 అయితే, ఇంకో 20 కంటపడలేదని అంచనా. దీని బలమంతా ఒక్కసారి కనబడ్డ రకాల మీదే ఉంది. కొత్త పద్ధతులు వాటినే యంత్రపు పొరపాట్లుగా ఏరి పారేస్తాయి. ఆ తర్వాత ఈ సూచికను లెక్కగట్టడానికి అర్థం లేదు. అయినా పట్టికల్లో అది కనిపిస్తూనే ఉంటుంది. డాన్ ఫెయిత్ 1992లో ఇచ్చిన కొలత మరో దారిది. అది తలల్ని లెక్కించదు, వంశవృక్షంలో ఆ రకాలన్నీ కలిపి ఎంత కొమ్మల పొడవును కప్పుతాయో కొలుస్తుంది. దగ్గరి చుట్టాలు పదిమంది ఉన్న పేగు కంటే దూరపు వంశాలవారు ఐదుగురున్న పేగుకు ఇందులో ఎక్కువ మార్కులు రావచ్చు. వంశదూరాన్నే ఆధారం చేసుకుని ఇద్దరి పేగుల మధ్య తేడాను కొలిచే యూనిఫ్రాక్ 2005లో వచ్చింది.

ఏ సూచిక వాడినా రెండు ఇబ్బందులు వదలవు. నవధాన్యాలు కలిపిన బస్తాలోంచి గిద్దెడు తీసినవాడికి కనిపించే రకాల కంటే మానెడు తీసినవాడికి ఎక్కువ కనిపిస్తాయి. అలాగే 5,000 క్రమాలు చదివిన నమూనాను 50,000 చదివినదానితో నేరుగా పోల్చకూడదు. అన్ని నమూనాలనూ అతి తక్కువ చదివినదాని స్థాయికి కుదించడం పాత మందు. ఉన్న సమాచారాన్ని చేజేతులా పారేయడమేనని 2014లో పాల్ మెక్‌మర్డీ, సూసన్ హోమ్స్ దాన్ని గట్టిగా తప్పుబట్టారు. ఆ వాదం ఇంకా సద్దుమణగలేదు. రెండో ఇబ్బంది, యంత్రం వాటాలనే ఇస్తుంది, మొత్తం ఎన్ని ఉన్నాయో చెప్పదు. ఒక రకం వాటా పెరిగిందంటే అది నిజంగా పెరిగి ఉండవచ్చు, మిగతావి చచ్చి ఉండవచ్చు. బెల్జియంలోని యెరూన్ రాస్ బృందం 2017లో కణాలను విడిగా లెక్కపెట్టి చూస్తే, ఆరోగ్యవంతుల మధ్యే గ్రాముకు పది రెట్ల దాకా తేడా కనబడింది. పేగు వాపు జబ్బైన క్రోన్స్ వ్యాధి ఉన్నవారిలో అసలు జనాభాయే పలచబడి ఉంది. అంతకుముందు వాటాల లెక్కలతో చెప్పుకున్న కొన్ని పెరుగుదలలు, తగ్గుదలలు ఈ లెక్క ముందు నిలవలేదు.

జబ్బుతో ముడి బలంగా ఉన్న చోటు

వైవిధ్యం తగ్గడం, జబ్బు, వైవిధ్యం తిరిగి రావడం, నయమవడం అన్నీ ఒకే వరుసలో కనిపించే జబ్బు క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ వల్ల వచ్చే విరేచనాలు. యాంటీబయాటిక్‌లు పేగు జనాభాను చాలావరకు తుడిచిపెట్టాక, ఆ ఖాళీలో ఈ బ్యాక్టీరియా విజృంభిస్తుంది. సాధారణ స్థితిలో మిగతా రకాలు ఆహారాన్ని పంచుకుని, పైత్య లవణాలను మార్చి దాన్ని అణచి ఉంచుతాయి. నెదర్లాండ్స్‌లో జరిగి 2013లో ప్రచురితమైన పరిశోధనలో, ఈ జబ్బు పదేపదే తిరగబెట్టిన 16 మందికి ఆరోగ్యవంతుల మలాన్ని ద్రావణం చేసి ముక్కు నుంచి వేసిన గొట్టం ద్వారా చిన్నపేగులోకి పంపారు. ఒక్క విడతకే 13 మందికి నయమైంది. మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి రెండో దాతతో నయమైంది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చిన 13 మందిలో నయమైనవారు నలుగురు. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. చికిత్స తర్వాత రోగుల వైవిధ్యం దాతల స్థాయికి చేరింది. ఈ మల మార్పిడిని 1958లోనే అమెరికా శస్త్రవైద్యుడు బెన్ ఐస్‌మన్ నలుగురు రోగుల మీద చేశాడు. అరవై ఏళ్లకు పైగా గడిచాక, 2022 నవంబరులో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ తరహా మొదటి మందుకు అనుమతి ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో మాత్ర రూపంలో ఇంకోటి వచ్చింది. ప్రమాదం లేని చికిత్స కాదిది. మందులకు లొంగని ఈ-కోలి దాత మలం నుంచి సోకి ఒక రోగి మరణించాడని 2019లో అదే సంస్థ హెచ్చరిక జారీ చేసింది.

యాంటీబయాటిక్‌ల ప్రభావం ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది. రెల్‌మన్ బృందం సిప్రోఫ్లాక్సాసిన్ వాడినవారిని నెలల తరబడి గమనించింది. మూడు నాలుగు రోజుల్లోనే వైవిధ్యం పడిపోయింది, వారాల్లో చాలావరకు తేరుకుంది, పూర్తిగా మాత్రం పాత రూపానికి రాలేదు. ఇలాంటప్పుడు ప్రోబయోటిక్ మాత్రలు వాడమని సలహా ఇవ్వడం మామూలు. 2018లో వైజ్‌మన్ సంస్థలో ఎరన్ ఎలినవ్, ఎరన్ సెగల్ బృందాలు దాన్ని పరీక్షించాయి. పదకొండు రకాలున్న ప్రోబయోటిక్ వాడినవారి పేగులు సొంత జనాభాను తిరిగి తెచ్చుకోవడానికి, ఏమీ వాడనివారి కంటే ఎక్కువ కాలం పట్టింది. ముందే దాచిన సొంత మలాన్ని తిరిగి పొందినవారు రోజుల్లో తేరుకున్నారు.

క్రోన్స్ వ్యాధిలో, అల్సరేటివ్ కొలైటిస్‌లో కూడా వైవిధ్యం తగ్గుతుందని అనేక దేశాల పరిశోధనలు చెప్పాయి. ముఖ్యంగా పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేసే ఫీకాలిబ్యాక్టీరియం ప్రౌస్నిట్జీ తగ్గుతుంది. పెద్దపేగు గోడ కణాలకు బ్యూటిరేటే ప్రధాన ఇంధనం. ఇక్కడ ఏది ముందు అన్న ప్రశ్న మాత్రం తెగలేదు. వాపు, విరేచనాలు కూడా బ్యాక్టీరియాను వెళ్లగొట్టగలవు.

సడలిపోయిన చోట్లు

స్థూలకాయం కథ ఉత్సాహంగా మొదలైంది. సెయింట్ లూయిస్‌లో జెఫ్రీ గార్డన్ బృందం 2006లో లావు ఎలుకల పేగు బ్యాక్టీరియాను, పుట్టుక నుంచి సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లోకి పంపితే వాటికి కొవ్వు ఎక్కువగా పట్టింది. 2013లో 292 మంది డేన్ల మీద జరిగిన పరిశోధనలో, బ్యాక్టీరియా జన్యువుల సంఖ్య తక్కువగా ఉన్న 23 శాతం మందిలో కొవ్వు, ఇన్సులిన్ నిరోధం, వాపు సూచనలు ఎక్కువగా కనిపించాయి. ఆ తర్వాత పాట్ ష్లాస్ ప్రయోగశాల 2016లో పది పరిశోధనల సమాచారాన్ని కలిపి మళ్లీ లెక్కగట్టింది. వైవిధ్యానికీ స్థూలకాయానికీ సంబంధం ఉంది గానీ చాలా బలహీనమనీ, మనుషుల మధ్య సహజంగా ఉండే తేడాల్లో అది మునిగిపోతుందనీ తేలింది. 2017లో పది జబ్బులకు చెందిన 28 పరిశోధనలను ఒకేలా తిరగదోడిన మరో విశ్లేషణలో వైవిధ్యం తగ్గుదల నిలకడగా కనబడింది ప్రధానంగా విరేచనాల జబ్బుల్లోనూ, పేగు వాపు జబ్బుల్లోనూ. మిగతావాటిలో ఒక పరిశోధన పెరిగిందంటే ఇంకొకటి తగ్గిందంది.

విరేచనాల మాట ఊరికే రాలేదు. 2016లో బెల్జియంలో 1,100 మందికి పైగా మనుషులను పరిశీలించినప్పుడు, వయసు, బరువు, ఆహారం, మందులు ఇవన్నీ కాదని, పేగు బ్యాక్టీరియాలోని తేడాలను అన్నిటికంటే ఎక్కువగా వివరించిన అంశం మలం గట్టిదనం. మలాన్ని ఏడు తరగతులుగా విడగొట్టే బ్రిస్టల్ పట్టికతో దాన్ని కొలుస్తారు. పేగులో పదార్థం ఎంత నెమ్మదిగా కదిలితే నిదానంగా పెరిగే రకాలకు అంత అవకాశం, రకాల సంఖ్య అంత ఎక్కువ. ఆ లెక్కన మలబద్ధకం ఉన్నవాడికి వైవిధ్యంలో మంచి మార్కులు పడతాయి. అదే సమయంలో పీచు అయిపోయి బ్యాక్టీరియా మాంసకృత్తుల మీద పడుతుందనీ, పనికిరాని విసర్జకాలు పెరుగుతాయనీ డెన్మార్క్ పరిశోధకులు అదే ఏడు చూపించారు. మలం ఎంత గట్టిగా ఉందో నమోదు చేయకుండా వైవిధ్యం గురించి తీర్మానాలు చేసిన పాత పత్రాలను జాగ్రత్తగా చదవాలి.

తక్కువే మేలైన చోటు

తల్లిపాలు తాగే బిడ్డ పేగులో వైవిధ్యం చాలా తక్కువ. బిఫిడో బ్యాక్టీరియాదే రాజ్యం. పాశ్చర్ సంస్థలో హెన్రీ టిసియర్ 1899లోనే దాన్ని తల్లిపాల బిడ్డల మలంలో గుర్తించాడు. తల్లిపాలలో లాక్టోజు, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఒక రకం గొలుసు చక్కెరలు. బిడ్డకు అవి అరగవు. తల్లి వాటిని తయారుచేసేది ఒకరకంగా ఈ బ్యాక్టీరియా కోసమే అనిపిస్తుంది. డబ్బాపాలు తాగే బిడ్డల్లో వైవిధ్యం ఎక్కువ. అంతమాత్రాన వాళ్లది మెరుగైన పేగు అనే పిల్లల వైద్యులెవరూ లేరు. అన్నప్రాశన తర్వాత రకాలు పెరుగుతూ వచ్చి, మూడేళ్లకు పెద్దల పోలిక వస్తుంది.

వయసుతో ఇలా మారేదాన్ని ఒకే అంకెతో తూచలేమని గార్డన్ బృందం బంగ్లాదేశ్‌లో వేరే కొలత తయారుచేసింది. ఆరోగ్యంగా ఎదుగుతున్న పిల్లల్లో నెలనెలా ఏ బ్యాక్టీరియా రావాలో చూసి, పేగు వయసు బిడ్డ వయసుతో సరిపోతుందో లేదో లెక్కగట్టారు. తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లల పేగు వాళ్ల వయసుకు వెనకబడి ఉందని 2014లో తేలింది. వెనకబడ్డ రకాలను మేపేలా శనగపిండి, వేరుశనగ, సోయా, పచ్చి అరటికాయతో ఒక ఆహారం రూపొందించారు. ఢాకాలో మూడు నెలలు పెట్టి చూస్తే, కేలరీలు తక్కువైనా, వాడుకలో ఉన్న పోషకాహారం కంటే పిల్లల బరువు బాగా పెరిగిందని 2021లో ప్రకటించారు. పేగు బ్యాక్టీరియా మీద ఇన్నేళ్ల పనిలో ఇంత నేరుగా పళ్లెంలోకి వచ్చిన ఫలితం అరుదు.

తిండి, ఊరు

వైవిధ్యాన్ని ఎక్కువగా మార్చేవాటిలో ఆహారం, నివాసం ముఖ్యమైనవి. 2010లో బుర్కినా ఫాసో పల్లె పిల్లలనూ, ఇటలీలోని ఫ్లోరెన్స్ పిల్లలనూ పోల్చారు. జొన్న, సజ్జ, ఆకుకూరలు తినే పల్లె పిల్లల్లో ప్రెవోటెల్లా అనే బ్యాక్టీరియా దండిగా ఉంది, మొత్తం వైవిధ్యమూ ఎక్కువే. 2012లో అమెరికన్లను మలావీ వాసులతోనూ, వెనెజువెలా అమెజాన్ ఆదివాసులతోనూ పోల్చినప్పుడు అమెరికన్ల వైవిధ్యమే తక్కువ. ఆగ్నేయాసియా నుంచి అమెరికాకు వలస వెళ్లిన మోంగ్, కరెన్ ప్రజల్లో అక్కడికి చేరిన నెలల్లోనే సొంత బ్యాక్టీరియా తగ్గడం మొదలై, తర్వాతి తరంలో ఇంకా తగ్గిందని 2018లో తేలింది.

మన దేశంలో 2015లో గువాహటి శాస్త్రజ్ఞులు అస్సాం, మణిపూర్, సిక్కిం, తెలంగాణల్లోని పదిహేను ఆదివాసీ తెగలను పరిశీలించారు. భాష, వంశం వేరైనా అందరి పేగుల్లోనూ ప్రెవోటెల్లాదే పైచేయి. తెగకు తెగకు మధ్య తేడాలు ఊరినీ తిండినీ బట్టి వచ్చాయి. 2019లో భోపాల్ శాస్త్రజ్ఞులు 110 మందితో చేసిన పనిలో భోపాల్ వాసుల్లో ప్రెవోటెల్లా ప్రధానం. అన్నం, చేపలు, మాంసం తినే కేరళ వాసుల్లో బ్యాక్టీరాయిడిస్, ఫీకాలిబ్యాక్టీరియం వంటివి ఎక్కువ. యూరప్ లెక్కలతో తయారైన ఆరోగ్య పేగు నమూనాను తెచ్చి ఇక్కడి పేగును తూచకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు దీర్ఘకాలిక క్లోమవాపు రోగుల్లో, మధుమేహం కూడా ఉన్నవారిలో మరింతగా, ఫీకాలిబ్యాక్టీరియం తగ్గిందని 2017లో రాశారు. అదే నగరంలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో యువైటిస్ అనే కంటివాపు రోగుల పేగుల్లోనూ వాపును అణచే రకాలు తగ్గినట్లు గమనించారు. రెండింటిలోనూ పనికొచ్చిన సమాచారం ఏ రకాలు తగ్గాయన్నది.

వైవిధ్యాన్ని తిండితో పెంచవచ్చా అన్నదానికి 2021లో స్టాన్‌ఫర్డ్ నుంచి ఊహించని జవాబు వచ్చింది. 36 మంది ఆరోగ్యవంతుల్లో సగం మందికి పది వారాలు పీచు బాగా పెంచారు, సగం మందికి పులిసిన ఆహారం పెంచారు. పీచు తిన్నవారి వైవిధ్యం మొత్తమ్మీద పెరగలేదు. పెరుగు, కెఫిర్, కిమ్చి, కొంబుచా వంటివి తీసుకున్నవారిలో వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపు సూచికలు తగ్గాయి. పీచు ఎందుకు పనిచేయలేదన్నదానికి అదే ఊళ్లో సోనెన్‌బర్గ్ ప్రయోగశాల 2016లో ఎలుకల మీద చేసిన పని ఒక కారణం సూచిస్తుంది. నాలుగు తరాలు పీచు లేని తిండి పెడితే చాలా రకాలు శాశ్వతంగా పోయాయి. తర్వాత పీచు పెట్టినా తిరిగి రాలేదు, బయటి నుంచి ఆ బ్యాక్టీరియాను కూడా ఇస్తే వచ్చాయి. పులిసిన ఆహారమంటే మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేది ఇడ్లీ, దోసె. పిండి పులిసినదే అయినా ఆవిరి మీద, పెనం మీద అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఆ పరిశోధనలోని పెరుగు, కెఫిర్‌లతో పోల్చదగినవి మన పెరుగు, మజ్జిగ, తరవాణి అన్నం. వేడిచేసిన మజ్జిగపులుసు కాదు.

పరీక్షలు

ఇంటికే డబ్బా పంపి, మలం తెప్పించుకుని, వైవిధ్యానికి వందకు ఇన్ని అని మార్కులిచ్చే పరీక్షలు ఇప్పుడు భారతదేశంలోనూ దొరుకుతున్నాయి. ఒక మనిషి వైవిధ్యం వారం వారం మారుతుంది. నమూనా తీసిన రోజు విరేచనం పల్చనైనా, గట్టిదైనా అంకె మారుతుంది. ఇక డీఎన్‌ఏ తీసిన పద్ధతి, చదివిన లోతు, వాడిన సూచిక గురించి పైన చెప్పుకున్నదే. ఫిర్మిక్యూట్స్, బ్యాక్టీరాయిడీట్స్ అనే రెండు పెద్ద వర్గాల నిష్పత్తిని స్థూలకాయానికి గుర్తుగా చూపడం కూడా ఈ నివేదికల్లో మామూలు. ఆ నిష్పత్తిని వైద్యానికి వాడవద్దని నిపుణుల బృందాలు సూచిస్తున్నాయి. ఆ వర్గాల శాస్త్రీయ నామాలే 2021లో బ్యాసిల్లోటా, బ్యాక్టీరాయిడోటా అని మారిపోయాయి.

కొలతలో ఇంత చెదురు ఉన్నప్పుడు రక్తంలో చక్కెర పరీక్షకు ఉన్నట్టు అందరికీ ఒకే ప్రామాణిక నమూనా కావాలి. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2025లో దాన్ని విడుదల చేసింది. శాకాహారుల నుంచీ, మాంసాహారుల నుంచీ సేకరించిన మలాన్ని నీటిలో కలిపి, చిన్న సీసాల్లో గడ్డకట్టించి, అందులో ఏయే బ్యాక్టీరియా ఉందో, ఏయే రసాయనాలున్నాయో రాసిచ్చింది. ఏ ప్రయోగశాల అయినా ఒక సీసా తెప్పించుకుని తన పద్ధతిలో పరీక్షించి, తన యంత్రం ఏ రకాన్ని ఎక్కువ చేసి చూపుతోందో, దేన్ని వదిలేస్తోందో లెక్క చూసుకోవచ్చు.